టైరు మీద తెల్లక్షరాలు: స్టిక్కరా, రబ్బరు అక్షరాలా, పెయింట్ పెన్నా?

మూడేళ్లలో మూడు రకాలు ప్రయత్నించాను. మొదట వెనక కాగితం ఊడదీసి అంటించే స్టిక్కర్లు, తర్వాత గమ్ముతో అతికించే రబ్బరు అక్షరాలు, చివరికి పెయింట్ పెన్ను. నేను సెల్లార్‌లో టైరు ముందు పీట వేసుకుని కూర్చుంటే చాలు, మా వాచ్‌మన్ "మళ్లీనా సార్?" అంటాడు. ఇప్పుడు మా కారు మీద ఉన్నది పెయింట్ పెన్ను రాతే. అలాగని అదే అందరికీ నప్పుతుందని చెప్పను. మీ టైరు ఎంత పాతది, దాని పక్క భాగం మీద ఖాళీ ఎంత ఉంది, ఆ అక్షరాలు ఎన్నాళ్లు ఉండాలి అనే మూడు విషయాల మీదే ఎంపిక ఆధారపడుతుంది. చాలామంది (మొదట్లో నేను కూడా) స్టిక్కరు ఫొటో చూసి ముందు ఆర్డర్ పెట్టేసి, టైరు వైపు తర్వాత చూస్తారు.

తొందరలో ఉన్నవాళ్ల కోసం నా తీర్పు ముందే చెప్పేస్తాను. రోజూ తిరిగే కారుకి పెయింట్ పెన్ను. టైర్లు కొత్తవై, ఒక ఆదివారమంతా పెట్టే ఓపిక ఉంటే రబ్బరు అక్షరాలు. పెళ్లికో, ఫొటోలకో, రెండు రోజుల ముచ్చటకో అయితే అంటించే స్టిక్కర్లు. రేడియం షాపులో కోయించే వినైల్ (ప్లాస్టిక్ స్టిక్కరు) మాత్రం టైరుకి వద్దే వద్దు.

టైరు దేన్నీ ఎందుకు నిలవనివ్వదు

డోరు మీద అంటించిన స్టిక్కరు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. అదే టైరు మీద పది రోజులకి మూలలు లేస్తాయి. దీనికి మొదటి కారణం, టైరు పక్క భాగం అస్తమానం వంగుతూ ఉండటం. నేలకి ఆనిన చోట కారు బరువుకి అది బయటికి ఉబ్బుతుంది, పైకి వెళ్లగానే మళ్లీ సర్దుకుంటుంది. మా కారువి 185/65 ఆర్15 టైర్లు. చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకి ఎనిమిదిసార్లకి పైగా తిరుగుతాయి. అంటే హైదరాబాద్ నుంచి విజయవాడ చేరేసరికి ప్రతి అక్షరమూ లక్షసార్లకి పైగానే వంగి లేస్తుందన్నమాట. ఏ గమ్ముకైనా ఇది పెద్ద పరీక్షే.

రెండోది మైనం. ఎండకీ, గాలిలో ఉండే ఓజోన్‌కీ రబ్బరు పగుళ్లు బారకుండా తయారీలోనే మైనం, మరికొన్ని రసాయనాలు కలుపుతారు. అవి లోపలి నుంచి మెల్లగా పైకి వస్తూనే ఉంటాయి. పాత టైరు పక్కన గోధుమ రంగు పొర కనిపించేది అందుకే. కడిగితే పోతుంది, కొన్నాళ్లకి మళ్లీ వస్తుంది. టైరుకి అది రక్షణ, మన స్టిక్కరుకి అదే గండం.

మూడోది మనం డబ్బిచ్చి మరీ రాయించుకునేది. వాటర్ వాష్ అయ్యాక టైర్లు నిగనిగలాడేలా పాలిష్ కొడతారు కదా, అందులో చాలావాటిలో సిలికాన్ ఉంటుంది. దాని మీద స్టిక్కరు పెట్టడమంటే నూనె రాసిన పెనం మీద బొట్టుబిళ్ల అంటించడమే. అక్షరాలు పెట్టాలనుకున్న నెల నుంచి ఆ పాలిష్ వద్దని వాషింగ్ కుర్రాడికి గట్టిగా చెప్పండి. "ఫ్రీయే సార్" అంటాడు. అయినా వద్దనండి.

అంటించే స్టిక్కర్లు

నేను మోసపోయింది వీటితోనే. దసరాకి ముందు తెప్పించాను. వెనక కాగితం తీయడం, నొక్కడం, అంతే పని. నాలుగు టైర్లూ రెండు గంటల్లో పూర్తయ్యాయి. ఫొటోల్లో అదిరిపోయింది. పండక్కి ఊరెళ్లి వచ్చేసరికి ఎడమ వైపు ముందు టైరు మీద రెండు అక్షరాలు మాయం. నెల తిరిగేసరికి మిగిలిన అక్షరాలన్నీ కలిపి చదివితే ఏ భాషలోనూ అర్థం లేని మాట ఒకటి తయారైంది. తప్పు పూర్తిగా స్టిక్కరుదే అనను. పాలిష్ పోయేలా కడగకుండానే అంటించాను. కానీ తర్వాత సరిగ్గా శుభ్రం చేసి మిగిలిన సెట్టు పెట్టినా రెండు నెలలకి మించి నిలవలేదు.

వీటి అసలు సుగుణం తీయడం తేలిక. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేసి లాగితే వచ్చేస్తాయి, టైరుకి ఏ నష్టమూ ఉండదు. పెళ్లికొడుకు కారుకో, షోరూం నుంచి బండి తెచ్చుకున్న రోజు ఫొటోలకో ఇవి చాలు. అంతకు మించి ఆశించకండి.

ఇక రేడియం షాపు సంగతి. మన ఊళ్లల్లో మెరిసినా మెరవకపోయినా కోసి అంటించే ప్రతి స్టిక్కరూ రేడియమే కాబట్టి, "టైరుకి కూడా కట్ చేసిస్తాం" అనే షాపులు ఉంటాయి. ఆ వినైల్ సాగదు. టైరు వంగినప్పుడల్లా దానికి ముడత పడుతుంది, ఆ ముడతలోకి దుమ్ము చేరుతుంది, తర్వాత ప్రెషర్ వాష్ నీళ్లు తగిలితే ఎగిరిపోతుంది. మీకు కావలసింది చక్రం చుట్టూ ఒక రంగు గీత మాత్రమే అయితే అదే వినైల్‌ని రిమ్ముకి వేయించుకోండి. రిమ్ము వంగదు, శుభ్రం చేయడం తేలిక, బాగానే నిలుస్తుంది. టైరు జోలికే పోకుండా సగం మంది ముచ్చట అక్కడే తీరిపోతుంది.

గమ్ముతో అతికించే రబ్బరు అక్షరాలు

దేశవిదేశాల్లో కార్ల షోల్లో కనిపించేవి చాలావరకు ఇవే. అక్షరం రబ్బరుతో చేసిందే కాబట్టి టైరుతో పాటు వంగుతుంది. సరిగ్గా అతికిస్తే చేత్తో తడిమినా టైరుతో పాటే పోతపోసినట్టు ఉంటాయి. అందంలో మిగతా వాటిని వీటి పక్కన పెట్టలేం.

కొనేటప్పుడు రెండు కొలతలు తప్పనిసరి. ఒకటి రిమ్ము సైజు. టైరు మీద రాసి ఉన్న 'ఆర్' పక్క అంకె అదే. అక్షరాల వరస ఆ వంపుకి తగ్గట్టు కోసి ఉంటుంది. 17 అంగుళాల సెట్టు 14 అంగుళాల చక్రం మీద పెడితే వరస తన్నుకొచ్చినట్టు కనిపిస్తుంది. రెండోది పక్క భాగం ఎత్తు. దానికో చిన్న లెక్క ఉంది. 185/65 అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లలో 65 శాతం, అంటే దాదాపు 120 మిల్లీమీటర్ల ఎత్తు. 195/55 అయితే 107. ఇది చూసి "అంగుళంన్నర అక్షరం హాయిగా పడుతుంది" అనుకోకండి. కంపెనీ పేరు, సైజు, ఉబ్బెత్తు గీతలు పోగా చదునుగా మిగిలేది చాలా తక్కువ. ఉబ్బెత్తు రాత మీద అతికించిన అక్షరం కింద గాలి మిగులుతుంది. గాలి మిగిలిన చోట నుంచే అది లేస్తుంది. అందుకే ముందు కాగితం కత్తిరించి టైరు మీద పెట్టి చూసుకోండి. కాగితం పడుకోని చోట రబ్బరు కూడా పడుకోదు.

తయారీ వారం, సంవత్సరం తెలిపే నాలుగంకెల కోడ్‌ని మాత్రం కప్పేయొద్దు. 2324 అంటే 2024లో 23వ వారం. రేపు టైరు మార్చాలన్నా, కారు అమ్మాలన్నా ముందు చూసేది అదే.

గమ్ము విషయంలో ఆదా చేయొద్దు. కిట్‌తో వచ్చేది వంగినా విరగని రకం. ఐదు రూపాయల క్విక్ గమ్ ట్యూబు ఆరాక గాజులా గట్టిపడుతుంది, టైరు వంగగానే పెళుసుగా విరుగుతుంది. కిట్ గమ్ము సరిపోకపోతే మళ్లీ అలాంటిదే తెప్పించుకుని, అప్పటిదాకా పని ఆపండి.

వీటితో నా పొరపాటు వేరే. అక్షరాలు బ్రహ్మాండంగా నిలిచాయి, టైర్లే నిలవలేదు. అప్పటికే ముప్పై వేల కిలోమీటర్లు తిరిగిన టైర్లకి అతికించాను. ఎనిమిది నెలలకి టైర్లు మార్చాల్సి వచ్చింది, అక్షరాలు వాటితోపాటే స్క్రాపుకి పోయాయి. ఊడదీసి మళ్లీ వాడదామని చూశాను. సగం చిరిగిపోయాయి, మిగతా సగానికి వెనక పాత గమ్ము. అందుకే ఇవి కొత్త టైర్లకే. గ్రిప్పు సగం అరిగాక వీటికి డబ్బు పెట్టడం, ఖాళీ చేయబోయే అద్దె ఇంటికి రంగులేయించడమే.

పెయింట్ పెన్ను

టైరు మీద ఎలాగూ కంపెనీ పేరు ఉబ్బెత్తుగా ఉంటుంది. దాని పై అంచుకి తెల్ల రంగు పూస్తే చాలు. కొత్తగా అంటించేది ఏదీ లేదు కాబట్టి ఊడేది కూడా ఏదీ ఉండదు. స్టేషనరీ, హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఆయిల్ పెయింట్ మార్కర్ కావాలి. వైట్‌బోర్డు మార్కర్ కాదు, పిల్లల నీటి రంగుల పెన్ను అసలే కాదు. ఒక్కోటి వంద, రెండొందల రూపాయల్లో వస్తుంది. నాకు నాలుగు టైర్లకి రెండు పట్టాయి.

ఇందులో కిటుకంతా ఓపికే. మొదటి కోటు పల్చగా, బూడిద రంగులో, "ఇదేం తెలుపు" అనిపించేలా వస్తుంది. అక్కడే చాలామంది కంగారుపడి మందంగా పూసేస్తారు. మందంగా వేసింది వంగినప్పుడు బీటలు వారుతుంది. పల్చటి కోట్లు మూడు, మధ్యలో అరగంట చొప్పున విరామం. మొదటి టైరు పూర్తయి నాలుగోదానికి వెళ్లి వచ్చేసరికి ఆ అరగంట ఎలాగూ గడుస్తుంది. అంచు దాటి పక్కకి పోయిన రంగుని తడిగా ఉండగానే ఇసోప్రొపైల్ ఆల్కహాల్ (జిడ్డు వదిలించే స్పిరిట్) అద్దిన ఇయర్ బడ్‌తో తుడిచేయొచ్చు.

ఎంతకాలం ఉంటుంది? మా కారుకి మూడు నాలుగు నెలలకి పసుపు ఛాయ వచ్చింది. లోపలి మైనమే పైకి వచ్చి రంగుని అలా మారుస్తుంది. మళ్లీ ఒక కోటు, గంట పని. రబ్బరు అక్షరాలంత దర్జాగా ఉండదని ఒప్పుకుంటాను. దగ్గరికి వచ్చి చూస్తే చేతిరాత అని తెలిసిపోతుంది. ఐదడుగుల దూరం నుంచి మాత్రం ఎవరూ పట్టుకోలేరు.

ఇంకో సుఖం ఏమిటంటే టైరు మీద ఉన్న పేరే రాస్తాం కాబట్టి అబద్ధం ఉండదు. ఎంఆర్‌ఎఫ్ టైరు మీద పిరెల్లి అని స్టిక్కరు పెట్టుకుని తిరిగే కార్లు చాలానే చూశాను. సచిన్ బ్యాటు మీద ఎంఆర్‌ఎఫ్ చూస్తూ పెరిగిన తరానికి ఆ మూడక్షరాలు దాచుకోవాల్సిన అవసరం ఏముంది? పిరెల్లి పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. 2011 నుంచి ఫార్ములా వన్ కారు రేసులకి టైర్లు వాళ్లవే. అక్కడ రంగులకి అర్థం ఉంది. ఎరుపు మెత్తని రబ్బరు, పసుపు మధ్యస్తం, తెలుపు గట్టిది, ఆకుపచ్చా నీలమూ వాన టైర్లు. మన కారుకి ఎరుపు రాసినంత మాత్రాన గ్రిప్పు పెరగదు గానీ, ఆ ఆట చూసేవాళ్లు చటుక్కున గుర్తుపడతారు. సరదాకి బాగుంటుంది.

స్టెన్సిల్ పెట్టి స్ప్రే కొట్టే పద్ధతి కూడా ఉంది. నాకు నచ్చలేదు. ఎగుడుదిగుడు టైరు మీద స్టెన్సిల్ కింద నుంచి రంగు కారుతుంది, బ్రేక్ డిస్కు మీదా రిమ్ము మీదా చుక్కలు పడతాయి.

తెల్లక్షరాలతోనే వచ్చే టైర్లు

థార్, జిమ్నీ లాంటి బండ్లున్నవాళ్లకి ఇంకో దారి ఉంది. బీఎఫ్ గుడ్రిచ్ వంటి కంపెనీల ఆఫ్‌రోడ్ టైర్లు కొన్ని తెల్లక్షరాలతోనే వస్తాయి. అవి రంగు కాదు, లోపల పోసిన తెల్ల రబ్బరు. రబ్బరుకి నలుపు వచ్చేది కార్బన్ బ్లాక్ కలపడం వల్ల. అది కలపని రబ్బరుతో ఆ అక్షరాలు చేస్తారు. కొత్త టైరుకి వాటి మీద నీలం పూత కనిపిస్తే పాడైందని గొడవపడకండి, అది తెలుపుకి మరక పట్టకుండా వేసినది, సబ్బు నీళ్లకి పోతుంది. బిగించేటప్పుడు మాత్రం పక్కన నిలబడండి. కొన్నిటికి ఒక వైపే తెలుపు ఉంటుంది. షాపులో చెప్పకపోతే ఆ వైపు లోపలికి పెట్టి బిగించేసే అవకాశం ఉంది. ఎలాగూ టైర్లు మార్చే సమయం వచ్చి, అలాంటి బండి ఉంటే, ఇంట్లో పీట వేసుకునే పనే లేదు.

ఏది ఎంచుకున్నా ముందు చేయాల్సింది

సబ్బు నీళ్లు, గట్టి బ్రష్. నురగ గోధుమ రంగులో రావడం ఆగేదాకా రుద్దాలి. నాకు రెండుసార్లు సరిపోదు, మూడుసార్లు పడుతుంది. ఆరాక ఇసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవాలి. గుడ్డ నల్లబడకుండా వచ్చేదాకా మార్చి మార్చి తుడవండి. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ వద్దు. జిడ్డు చిటికెలో పోతుంది నిజమే, రబ్బరూ దెబ్బతింటుంది. కిట్‌లో అసిటోన్ తుడుపు ఇస్తే దాన్ని గాలి ఆడే చోట, చేతులకి గ్లవ్స్ వేసుకుని వాడండి. త్వరగా అంటుకునే ద్రవం అది, సెల్లార్‌లో పక్కన సిగరెట్ కాలుస్తూ కబుర్లు చెప్పే ఫ్రెండ్‌ని కాసేపు బయటికి పంపండి.

రబ్బరు అక్షరాలకి ఇంకో మెట్టు ఉంది. అతికించే చోట సన్నటి ఎమెరీ కాగితంతో మెరుపు పోయేంతవరకే, అంతకు మించి కాదు, తేలిగ్గా రుద్దాలి. ఈ పనిలో ఎక్కడా బ్లేడు వాడొద్దు. పంక్చర్ షాపులో వేసే ప్లగ్గు నేలకి తగిలే భాగానికే. పక్క భాగం కోసుకుపోతే టైరు మార్చడమే గతి.

జాకీ అక్కర్లేదు. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రం పైసగంలో ముందు పని చేయండి. కింద భాగం ఉబ్బి ఉంటుంది కాబట్టి అక్కడ అంటించింది పైకి రాగానే ముడత పడుతుంది. పైసగం అయ్యాక కారుని అర చుట్టు, అంటే మా టైరుకి ఒక మీటరు, ముందుకి తోస్తే మిగతా సగం పైకి వస్తుంది. గమ్ము పని అయితే తోయడానికి ముందు కిట్‌లో చెప్పినంత సేపు ఆగాలి, తర్వాత కారుని ఒక రోజు కదపకపోతే మంచిది. పేరు రెండుసార్లు రాస్తుంటే ఎదురెదురుగా పెట్టండి. బరువు కొద్దిగ్రాములే అయినా సమంగా పడుతుంది, చూపుకీ బాగుంటుంది.

మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు టైరుని ముట్టుకోండి, ఎండాకాలంలో ఈ పని ఎందుకు వద్దంటున్నానో తెలుస్తుంది. గమ్ము పెట్టీపెట్టగానే ఆరిపోతుంది, సర్దే సమయమే ఉండదు. వానాకాలంలోనూ రబ్బరు సందుల్లో తడి మిగులుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దుటి పూట, నీడలో, హాయిగా పని సాగుతుంది.

తెలుగులో రాయించుకోవాలనుకునేవాళ్లకి ఒక మాట. మన అక్షరాలు గుండ్రన కాబట్టి లేచే మూలలు తక్కువ, అది లాభం. ఒత్తులూ తలకట్లూ విడిగా ఉంటాయి కాబట్టి ముందు రాలేవి అవే, అది నష్టం. ఒత్తులు లేని పొట్టి పేరు ఎంచుకుంటే బతికిపోతారు. దేవుడి పేరు మాత్రం టైరుకి వద్దు. ఆ చక్రం బురదలోంచి, పేడ మీంచి వెళ్తుంది. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, మీ ఇంట్లో పెద్దవాళ్లే ముందు అడుగుతారు.

వాహన పూజ రోజు పసుపు, కుంకుమ టైరుకి బాగా పూస్తారు. తెల్లక్షరాలకి ఆ కుంకుమ ఎరుపు పట్టిందంటే ఓ పట్టాన వదలదు. పూజారికి ముందే చెప్పి బొట్టు రిమ్ము మీదో, టైరు పైఅంచునో పెట్టించండి, నిమ్మకాయల సంగతి ఎలాగూ కింద భాగం చూసుకుంటుంది. ఇక వీధి కుక్కలు. తెల్లక్షరం కనిపించాక మా వీధి కుక్కలకి మా టైరే గుర్తయింది. రాత్రి కార్యక్రమం అయ్యాక పొద్దున్నే ఒక మగ్గు నీళ్లు పోస్తే మరక పట్టదు. రోజూ ఆ మగ్గు పట్టుకోలేనివాళ్లు తెలుపు బదులు పసుపు రంగు ఎంచుకోవడం మేలు.

తీసేయాలంటే: అంటించిన స్టిక్కరుకి హెయిర్ డ్రయ్యర్ చాలు. రబ్బరు అక్షరాలకి హీట్ గన్‌తో తక్కువ వేడిలో ఒక మూల మెత్తబరచి, ప్లాస్టిక్ కార్డుతో లేపుతూ పోవాలి. మిగిలిన గమ్ముని వేలితో రుద్ది ఉండలు చేసి తీయండి, గీకొద్దు. పెయింట్ పెన్ను రాతని తీయడానికి నేనెప్పుడూ కష్టపడలేదు. నల్ల పెన్ను ఇంకోటి కొన్నాను.